మెడ కాడ చారలు

“బాల్‌రాజన్నా, పాము!” పక్క వాటాలో ఒంటరిగా ఉండే వకుళ టీచర్ కేక పెట్టింది.

మంచం మీద ట్రాన్సిస్టర్ వింటున్న మొగుడు లేవకముందే ఈశ్వరమ్మ కట్టె అందుకుంది. “నువ్వుండు. నేను చూసొస్త.”

“నీకేం తెలుస్తదే?”

“మొన్న మనింట్లకు వచ్చినప్పుడు నువ్వే చెప్తివి గద. తెల్లచారలు మెడ కాడ కొట్టొచ్చినట్లుంటే ఫికర్ లేదు. మెడ కాడ లేకుండ తోక దిక్కే ఉంటే కట్లపాము.”

తాండూరు బండలు పరిచిన వంటింట్లో, గోడ మూలకు పాము చుట్టుకొని ఉంది. చారలు మెడ దగ్గరే ఉన్నాయి. విషం లేనిది.

స్టూలెక్కి నిలబడ్డ టీచర్ అడిగింది. “అన్న రాలేదా?”

ఈశ్వరమ్మ ఒళ్ళు మండింది. ఆమెకు ఏమీ చెప్పకుండానే వెనక్కి వచ్చేసింది.

“ఏం పామే?” అన్నాడు బాల్‌రాజ్.

విషమంటే గడప దాటడనుకుంది. “కట్లపాము. నువ్వు పోకు.”

ట్రాన్సిస్టర్ కింద పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా అతను పరుగెత్తాడు.

మొన్న తమ ఇంట్లో పాము దూరినప్పుడు ఆ చారల సంగతి మంచం మీది నుంచే చెప్పాడు. “జర దగ్గరికి పోయి చూస్కో,” అన్నాడు.