సుబ్బరావమ్మ కంచం

“కంచం ఏదమ్మాయ్?”

శ్రీరమ్య అలమరలో గిన్నెలు మళ్లీ దించింది. కంచాలు ఐదే ఉన్నాయి. ఆరోది లేదు. కొడుకు పుట్టిన ఏడాది గుంటూరులో ఆరు కంచాలు కొని పేర్లు కొట్టించింది ఆమె మామగారు యలమందయ్యే. మర్నాడు ఆయన భార్య సుబ్బరావమ్మ సంవత్సరీకం. ఆమె పేరున్న కంచంలోనే ఆమెకు వడ్డించాలని పట్టుపట్టాడు.

“నేను వచ్చినప్పటి నుంచీ ఐదే మామయ్యా.”

“పాత సామాన్లవాడికి వేసుంటావు. మొన్న ప్లాస్టిక్ బకెట్ వచ్చింది గదా.”

“అది సంతలో కొన్నాను.”

“నాన్నా, ముందు తిను. చల్లారిపోతోంది,” అన్నాడు నాగేంద్రబాబు. పురుగుమందుల కొట్టు నుంచి భోజనానికి వచ్చాడు. కళ్లు టీవీ మీద ఉన్నాయి.

చిలకలూరిపేట నుంచి డైనింగ్ టేబుల్ ట్రాక్టర్లో వచ్చి మూడు నెలలయింది. ముగ్గురు మనుషులకు ఆరు కుర్చీలు. గిన్నెలన్నీ మధ్యలో పెడతారు. ఎవరికి కావలసింది వాళ్లే పెట్టుకోవాలి. చిన్నప్పుడు యలమందయ్య తన తండ్రి పక్కన పీట మీద కూర్చునేవాడు. జొన్నన్నం, గోంగూర, మజ్జిగ. ఉన్నది ఒక్క కూరే అయినా వడ్డించడానికి తల్లి నిలబడి ఉండేది. మగవాళ్లు లేచాకే ఆడవాళ్లు. ఇప్పుడు కూరలు నాలుగు. నిలబడే మనిషే లేదు.

శ్రీరమ్య వచ్చి తన కుర్చీలో కూర్చుని అన్నం పెట్టుకుంది.

“మీ అత్త ఉన్నప్పుడు...” మొదలుపెట్టాడు.

నాగేంద్రబాబు టీవీ సౌండు పెంచాడు.

“పెంచరా, పెంచు. మీ అమ్మ తొమ్మిదిన్నరకల్లా వంట చేసి, మూతలు పెట్టి, పక్కింటి జైతున్‌తో కలిసి మిరపకాయల్లో తాలు ఏరడానికి పోయేది. నేను కళ్లం నుంచి ఏ మూడింటికో వచ్చేవాణ్ని. అంత పని చేసి కూడా నాకోసం కాచుకుని ఉండేది. నేను తిన్నాక మిగిలిందేదో పిడికెడు. ముప్పై ఏళ్లలో ఆమె నమలడం నేను చూళ్లేదు.”

“నేనూ చూళ్లేదు మామయ్యా. ఆకలి లేదనేవారు.”

“ఆకలి లేకేం. దాన్ని మర్యాద అంటారు. నీకు అర్థం కాదులే.”

శ్రీరమ్య ముద్ద కలుపుతోంది. అది చూసి ఆయనకు ఒళ్లు మండింది.

“లే. కంచం దొరికేదాకా మేమిద్దరం తిన్నాకే నువ్వు. ఆకలంటే ఏందో తెలిసొస్తుంది.”

ఆమె భర్త వైపు చూసింది. భర్త టీవీ వైపు చూశాడు.

“ఏమండీ, లేవమంటారా?”

“రెండు రోజులేగా. సంవత్సరీకం అయ్యేదాకా...”

శ్రీరమ్య లేచింది. చెయ్యి కడుక్కోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

ఆ గోడ అవతలే జైతున్‌బీ ఇల్లు. కేకలన్నీ విన్నట్టుంది. రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉంది, కొంగు కింద ఏదో పట్టుకుని.

“ఆ పిల్లని అనమాకన్నా. కంచం నా దగ్గరుంది.”

బల్ల మీద పెట్టింది. యలమందయ్య కంచం మీద లాగే దాని మీదా పేరు రోజూ తోమగా తోమగా సగం అరిగిపోయింది. ఆయన రెండు చేతులతో తీసుకుని కోడలికి చూపించాడు.

“చూడు. ఆ మహాతల్లి తిన్న కంచం.” జైతున్‌బీ వైపు తిరిగాడు. “నీ దగ్గరికి ఎట్టా వచ్చింది? ఈమే ఇచ్చిందా?”

“ఈ పిల్ల కాపురానికి రాకముందెప్పుడో అక్కే తెచ్చి మా ఇంట్లో పెట్టుకుంది.”

“ఎందుకు?”

జైతున్‌బీ శ్రీరమ్య చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. “తినమ్మా నువ్వు,” అంది. తర్వాత ఆయనకు జవాబు చెప్పింది.

“అక్క రోజూ పదింటికే నాతో కూర్చుని తినేసేదన్నా.”