అచ్చుగుద్దినట్టు

“వీడు కాదు,” అంది పెద్దావిడ, ఫొటో మీంచి భూతద్దం తీయకుండానే.

కూతురు మంచం అంచున కూర్చుంది. “సరిగ్గా చూడమ్మా. తమ్ముడే.”

“నాకే చెప్తావేంటే? ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోలో నెగెటివ్‌లు దిద్దాను. ముఖాల సంగతి నా దగ్గరా? కళ్లు వాడివే, ముక్కు వాడిదే, గడ్డం కింద నొక్కు కూడా వాడిదే. అచ్చుగుద్దినట్టు దించేశాడు, దొంగ వెధవ. కానీ వీడు వాడు కాదు.”

ఫొటోని నిలువునా చింపి, మళ్లీ అడ్డంగా చింపి, కింద పడేసింది.

రెండు నెలల కింద మెట్ల మీంచి జారి ఆవిడ తలకి దెబ్బ తగిలింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు తలుపు తీసింది కొడుకే. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, “మా అబ్బాయిని ఏం చేశావురా?” అని అడిగింది. కూతుర్ని గుర్తుపట్టింది. పక్కింటివాళ్లని గుర్తుపట్టింది. ఆఖరికి పాలవాణ్ణి కూడా పేరు పెట్టి పలకరించింది. కొడుకు ఒక్కడే ఆవిడ కళ్లకి వేషగాడయ్యాడు. వాడు పెడితే విషం కలిపాడంది, నాలుగు రోజులు వాడి చేతి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఐదో రోజు స్టీలు గ్లాసు విసిరింది. ఆ సాయంత్రమే కొడుకు సంచి సర్దుకుని గుమ్మం దాటాడు.

డాక్టరు కూతురికి నిదానంగా చెప్పాడు. “ముఖం ఎవరిదో పోల్చుకునే దారి ఒకటమ్మా. చూడగానే ‘నావాడు’ అని లోపల కదిలే దారి ఇంకొకటి. ఆవిడకి రెండోది తెగింది. కొడుకు ముఖమే అని కళ్లు చెబుతాయి, లోపల ఏమీ కదలదు. అందుకని దొంగ అని తేల్చేసుకుంటారు. ప్రాణానికి ప్రాణమైన వాళ్లతోనే ఇలా జరుగుతుంది. గొంతు వెళ్లే దారి వేరు, అది బాగానే ఉంది. ఫోనులో మాట్లాడించండి. అప్పుడప్పుడూ ఫొటో చూపించండి. మావాడే అన్న రోజు అబ్బాయిని ఎదురుగా నిలబెడదాం. అంతవరకు వద్దు.”

ఫొటో చూపించడం ఇది మూడోసారి. మొదటిసారి కూతురు ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు.

“బాబూ, ఆ ముక్కలు ఎత్తెయ్,” అంది.

మూగాయన వంగి ఎత్తాడు. ఆ పేరు పెట్టింది పెద్దావిడే. నలభై రోజుల కింద కూతురు తెచ్చిపెట్టిన మనిషి. గుండు, దళసరి కళ్లద్దాలు. నోరు మెదపడు. “కనుబొమ్మలు కూడా లేవేంటే వీడికి?” అని మొదటిరోజు ఆవిడ అడిగితే, “ఏదో జబ్బు చేసి అన్నీ రాలిపోయాయటమ్మా. మాటా పోయింది. వినపడుతుందిలే,” అంది కూతురు.

వారం తిరక్కుండానే ఆవిడకి అతను లేనిదే గడవని పరిస్థితి వచ్చింది. గోళ్లు తీసేది అతనే, పట్టుకుని వరండాలో నడిపించేది అతనే. అన్నం కూడా అతను కలిపితేనే.

“ఏమయ్యా మూగాయనా,” అంది ఆవిడ ఆ మధ్యాహ్నం, నోట్లో ముద్ద పెట్టుకుని. “కనుబొమ్మలు లేని ముఖం ఎవరిదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదయ్యా. నీ నెగెటివ్ నా దగ్గరికొస్తే ముందు అవే గీసుండేదాన్ని. ఒక్కటీ సరిగ్గా లేదు నీ ముఖాన. అయినా దొంగ ముఖం కాదు. ఆ వెధవది చూడు, ఒక్క గీత తప్పులేదు, అంతా మోసం.”

అతను ఇంకో ముద్ద అందించాడు.

“వాడు మళ్లీ గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొట్టు. నువ్వున్నావనే నాకు ధైర్యం.”

అతను తలూపాడు. నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాడు. కూతురు కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆరింటికి ఫోను మోగింది. కొడుకు. రోజూ అదే వేళకి చేస్తాడు. రోజంతటిలో పెద్దావిడ ముఖం విప్పారేది అప్పుడే.

“నాన్నా, తిన్నావురా?”

“తిన్నానమ్మా. నువ్వు?”

“కడుపునిండా. ఎప్పుడొస్తావురా? నీ వేషం కట్టి ఎవడో తిరుగుతున్నాడు. మీ అక్కని కూడా బుట్టలో వేసుకున్నాడు. ఆ పిచ్చిది ఇప్పటికి మూడుసార్లు వాడి ఫొటో నా మొహాన పెట్టింది.”

“వస్తానమ్మా. ఇక్కడి పని అవ్వగానే.”

“అదేం పనిరా, కన్నతల్లిని చూడనివ్వని పని?”

“అయిపోతుందమ్మా, త్వరగానే.”

“సర్లే, బాధపడకు. నాకేం లోటు లేదు. మూగాయన ఉన్నాడుగా. కడుపున పుట్టినవాడు కూడా అంత చెయ్యడురా. ఏమనుకోకు, ఉన్నమాట. ఉండు, ఫోను అతనికిస్తాను, పాపం నువ్వే ఓ మంచి మాట చెప్పు. ఏమయ్యా! మూగాయనా! ఇలా రా!”

కూతురు గబుక్కున ఫోను మీద చెయ్యి వేసింది. “డాబా మీద బట్టలు తీస్తున్నాడమ్మా. రేపు చెప్పచ్చులే.”

“రేపు మర్చిపోకురా,” అంది పెద్దావిడ ఫోనులోకి. “ఆ మనిషికి నోరు లేదు గానీ మనసుంది. నీ నోటితో చెబితే సంతోషిస్తాడు.”

“చెప్తానమ్మా. ఉంటాను.”

పైన డాబా మీద, ఆరిన చీర భుజాన వేసుకుని, మూగాయన చెవి దగ్గర్నుంచి ఫోను తీశాడు.