చప్పుడు సైకిల్

వాగు మీది చిన్న మోరీ వంతెన దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఇస్రాయేలు సైకిల్ చైను మళ్ళీ పడిపోయింది.

"సచ్చినం పో!" అంటూ దిగాడు.

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం అది. నార్కట్‌పల్లి నుంచి లోపలి ఊళ్ళకు బస్సుల్లేవు. టపా సంచి సైకిలెక్కి వెళ్ళాలి, సాయంత్రం బస్సు కదిలేలోగా తిరిగి రావాలి. ఇస్రాయేలు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంకొక్కసారి బస్సు తప్పితే సంచి ఇంకొకరి భుజానికెక్కుతుందని పోస్టుమాస్టరు పొద్దున్నే చెప్పి పంపాడు.

నల్లగొండ అంగట్లో కొన్న పాత సైకిల్ అది. తొక్కితే కటక్, కటక్. ఉత్తరం కంటే చప్పుడే ముందు ఊరు చేరేది. "కటక్ పోస్టు వచ్చె!" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

సైకిల్ షాపు లింగస్వామి నూనె పోశాడు, బాల్సులు మార్చాడు, చివరికి కొత్త చైనే వేశాడు. చప్పుడు పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, చైను పడటం కూడా మొదలైంది.

మోరీ మీద ఎప్పటిలాగే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర.

దారి పక్కన కూర్చున్నవాళ్ళంతా ఉత్తరం కోసమే కూర్చున్నారనుకోవడం టపావాళ్ళకున్న జబ్బు. ఇస్రాయేలు రోజూ సైకిల్ ఆపకుండానే కేకేసి పోయేవాడు.

"ఇయ్యాల గూడ నీకేం రాలే తాతా!"

ముసలాయన నవ్వి తలూపేవాడు.

ఇవాళ మాత్రం లేచి దగ్గరికొచ్చాడు.

"చైనుది తప్పు కాదు బిడ్డా."

"మరి దేనిది?"

"తొక్కుడు ఆపితె సప్పుడాగుతది. పెడలు ఒక్క సుట్టు తిరిగితె ఒక్కపారే కొడ్తది. పెడలు కాడి పళ్ళ చక్రంల ఒక పన్ను వంగింది. పాత చైను దానికి అలవాటు పడ్డది. కొత్తది ఇముడుతలేదు."

"నువ్వేమన్న మెకానిక్‌వా తాతా?"

"గొర్లు కాస్త."

ఇస్రాయేలుకు ఒళ్ళు మండింది.

"లింగస్వామికే దొరకలే. గొర్లు కాసెటోనివి, నీకు దొరికిందా?"

"మందల ఏ గొర్రె యాడున్నదో గంట సప్పుడుతోనే వట్టుకుంటం బిడ్డా. కప్పు విప్పి సూడు."

కొత్త చైను వెనక నుంచి ఎక్కించాడే తప్ప లింగస్వామి ఎన్నడూ విప్పని, పళ్ళ చక్రం మీది తుప్పు రేకు కప్పు అది. విప్పి చూస్తే నిజమే. ఒక పన్ను పక్కకు ఒరిగి ఉంది.

ఇస్రాయేలు సిగ్గుపడి పానా అందించాడు.

"నువ్వే వంచు తాతా. జర జల్ది."

ముసలాయన పానా ఒరిగిన పంటికి తగిలించి, ఆగిపోయాడు.

"సప్పుడు మొత్తానికే పోతది మరి."

"పోవాలెననే గద నా బాధ! బస్సు తప్పితె నౌకరి వోతది. ఇంట్ల పసిపిల్ల ఉన్నది తాతా."

ముసలాయన పానా గట్టిగా పట్టి ఒక్క గుంజు గుంజాడు.

చైను ఎక్కించి తొక్కితే, చప్పుడు లేదు. అంత పాత సైకిలూ గాలిలా పోయింది.

"బతికిచ్చినవ్ తాతా!" అని అరిచాడు ఇస్రాయేలు. వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు. బస్సు దొరికింది.

మర్నాటి నుంచి మోరీ ఖాళీ.

కొన్నాళ్ళకు నౌకరీ ఖాయమైంది. చుట్టల కట్ట, బెల్లం ముద్ద తీసుకుని ఇస్రాయేలు మోరీ దగ్గర దిగాడు. అక్కడ మేకలు కాస్తున్న గుర్వమ్మను అడిగాడు.

"ఈడ కూసునే తాత యాడికి వోయిండవ్వా?"

"ఐలేశమా? గొర్లను తోలుకొని అచ్చంపేట అడివికి వోయిండు. ఎండకాలమని మందలన్ని ఎప్పుడో వోయినయ్. నీ సైకిల్ ఈ తొవ్వ వట్టినప్పటి సంది ఆయనొక్కడే కదలలే. గొర్లు బక్కసిక్కినా కదలలే."

"ఏం ఉత్తరం కోసమవ్వా?"

"ఆయనకు ఉత్తరం రాసెటోళ్ళెవరున్నరు బిడ్డా?"

గుర్వమ్మ సైకిల్ వైపు చూసింది.

"అవునూ, దీనికి సప్పుడేది?"

"తాతే వంగిన పన్ను సక్కగ చేసిండు."

"ఆయన చేతులతోనే?"

గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"కొడుకు పర్వతాలుకు ఈ మోరీ కాడనే తొక్కుడు నేర్పిండు. పిలగాడు పడి గా పన్ను వంగింది. పోయినేడు కలరా గత్తరకు వాడు వోతె, ఈ సైకిల్‌నే నల్లగొండ అంగట్ల అమ్మిండు."

ఇస్రాయేలు చెయ్యి సైకిల్ సీటు మీద నుంచి దానంతటదే జారిపోయింది.

"పన్ను వంగినప్పుడే బాగు చేపిస్తనన్నడు ఐలేశం. పర్వతాలే ఉండనియ్యమన్నడు బిడ్డా, 'సప్పుడు ఇనవడితె నేనొస్తున్నని నీకెర్కయితది బాపూ, బువ్వ పెట్టి ఉంచుతవు' అని."