ఆశీర్వాదం సారు క్వయర్

నవంబరు మూడో ఆదివారం ఉదయం పదకొండు గంటలకు అబిడ్స్‌లోని ఒక ఇరానీ హోటల్లో తీర్మానం జరిగింది. ఆశీర్వాదం సారు ఎనభయ్యో పుట్టినరోజున ఆయన పాత క్వయర్ మళ్లీ పాడాలి.

ఆ క్వయర్‌లో ఒకప్పుడు నిలబడ్డ సుశాంత్ చాయ్ కప్పు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆశీర్వాదం సారు ఆ పక్క వీధిలోని మిషన్ బడిలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పారు. బడి వదిలాక పిల్లలకు పాట నేర్పారు. ఆదివారాలు నాంపల్లిలో చర్చి ఆర్గాన్ వాయించారు. ఇప్పటికీ వాయిస్తున్నారు. ఎవరినీ కొట్టలేదు. పాట రాదని ఒక్క పిల్లాణ్ని కూడా క్వయర్ నుంచి పంపెయ్యలేదు. గుమాస్తాల పిల్లలు, కిరాణా కొట్ల పిల్లలు, అడ్డా కూలీల పిల్లలు అందులో నిలబడ్డారు. సగం మంది ఇళ్లలో క్రిస్మస్ లేదు. డిసెంబరులో మాత్రం అందరి నోటా అదే పాట.

"సారు నాతోని ఏమన్నడో తెల్సా?" అన్నాడు పరశురాం. అతనికి టైర్ల దుకాణం ఉంది. "నువ్వు లేకుంటే నా క్వయర్ నిండదు అన్నడు."

"నాతోని గూడ అన్నడు" అన్నాడు కాంట్రాక్టరు బాలమల్లు. "గాని నేను నీ లెక్క డబ్బా కొట్టుకోలే."

"ఇప్పుడు చేస్తున్నదేంది మరి?"

సుశాంత్ కూడా ఏదో ఒకటి అనాలి. "పాటల లీడ్ నాదే ఉండె" అన్నాడు.

ఈ మాట అతను బడి వదిలినప్పటి నుంచీ అంటున్నాడు. పెళ్లిచూపుల్లో అన్నాడు. బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్స్ ఉద్యోగానికి పంపిన బయోడేటాలోనూ రాశాడు. కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లయినా భార్య శ్రీవిద్య అతని పాట వినలేదు. అడిగినప్పుడల్లా, అది ఆర్గాన్ మీద పాడేదని, ఇంట్లో కుదరదని చెప్పాడు.

అసలు సంగతి ఆరో తరగతిలో జరిగింది. ఓ సాయంత్రం పిల్లలంతా వెళ్లాక సారు అతన్ని ఆపారు. భుజం మీద చెయ్యి వేశారు.

"సుశాంత్, నువ్వు ముందు వరసల నిలబడు. నోరు మంచిగ తెరువు. సప్పుడు మాత్రం రానియ్యకు. ఈ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె."

ఉంది. నాలుగేళ్లు సుశాంత్ నోరు తెరిచి నిలబడ్డాడు. నాలుగేళ్లూ క్వయర్‌కు షీల్డు వచ్చింది.

ఇప్పుడు ప్రాక్టీసు పెడితే దొరికిపోతాడు. ఏ సాకు చెప్పాలా అని అతను వెతుక్కుంటుండగా బాలమల్లు అందుకున్నాడు.

"ప్రాక్టీసు గీక్టీసు ఎందుకు? సారు నేర్పింది మర్చిపోతమా?"

"ప్రాక్టీసు పెడితే సారును అవమానించినట్టే" అన్నాడు లాయరు మల్లేష్. "మైకులు గూడ వద్దు. సారుకు పడవు."

రెండింటికీ అందరూ చేతులెత్తారు. ఆ తర్వాత మటన్ బిర్యానీయా, చికెన్ బిర్యానీయా అన్న దాని మీద గంటన్నర కొట్లాడుకున్నారు.

ముగ్గురు రాలేమని ఫోన్ చేశారు. ఆ రోజు వాళ్లకు వేరేచోట కచేరీలు ఉన్నాయి.

"ఫికర్ ఎందుకు? ముప్పై మందిమి ఉన్నం" అన్నాడు పరశురాం. "ముగ్గురు లేకుంటే పాట ఆగుతదా?"

సుశాంత్ ఉపాయం సిద్ధం చేసుకున్నాడు. పరశురాం పక్కన నిలబడాలి. దుకాణంలోంచి అతను కేకేస్తే లక్డీకాపూల్ దాకా వినిపిస్తుంది. ఆ గొంతు చాటున ఇద్దరి పాట అయిపోతుంది. ఇక మిగిలింది నోరు తెరవడం. అలవాటు తప్పి చాలా ఏళ్లయింది. ఆఫీసు బాత్రూం అద్దం ముందు రోజూ కాసేపు తెరిచి మూశాడు. నాలుగో రోజు ఊడవడానికి వచ్చిన జంగమ్మ చూసింది.

"పన్ను నొస్తుందా సార్? జర లవంగం పెట్టుకోరాదుండ్రి."

"పాట ప్రాక్టీస్ చేస్తున్న, జంగమ్మా."

"ఏది? వినవడ్తలేదు."

డిసెంబరు పద్నాలుగున, సారు పుట్టినరోజు సాయంత్రం ఆరు గంటలకు చర్చి నిండింది. శ్రీవిద్య తల్లిని, తమ్ముణ్ని, అపార్ట్‌మెంట్ నుంచి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఫోన్ చేతిలో పట్టుకుంది.

"ఇన్నేండ్లకు వింటున్న. మంచిగ పాడుండ్రి" అంది. "మా అమ్మ ముందట పరువు తియ్యకుండ్రి."

సుశాంత్ "సరే" అని ముందుకు నడిచాడు.

వరసలు కట్టేటప్పుడు అతను పరశురాం కోసం వెతకనక్కర్లేకపోయింది. పరశురామే వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు.

"గీడ నిలబడు, నా పక్కన. లీడ్ నీదే గద."

"ఔ" అన్నాడు సుశాంత్. అతనికి కొంచెం ఊపిరి వచ్చింది.

ముఖ్య అతిథి అరగంట మాట్లాడారు. వీళ్లందరి గొంతుల్లో సారు చిరకాలం జీవిస్తారని ముగించారు. సారు ఆ పక్కనే కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. చప్పట్లు ఆగాక లేచారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆర్గాన్ దాకా నడిచారు.

పాటకు ముందు వచ్చే వాయిద్యం మొదలైంది. వేళ్లు ఎక్కడా తడబడలేదు. శ్రీవిద్య ఫోన్ పైకెత్తింది. బాలమల్లు టై సర్దుకున్నాడు. మల్లేష్ కళ్లు మూసుకున్నాడు. పరశురాం గుండెల నిండా గాలి పీల్చాడు. అది చూసి సుశాంత్ ధైర్యంగా పీల్చాడు.

సారు వాయిస్తూనే తల తిప్పి నాలుగు వరసలనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

ఆయన తల ఊపారు, ముప్పై మందీ నోళ్లు బాగా తెరిచారు, చర్చిలో ఆర్గాన్ ఒక్కటే వినిపించింది.