కొండ మీద బీట

ఆ మధ్యాహ్నం నేను విజిల్ ఊదకుండా ఉండాల్సిందా? ఆరేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

కొండచరియ విరిగి రాళ్లూ, మట్టీ, వేళ్లతో సహా చెట్లూ ఒక ఇంటిని కప్పేశాయి. కింద జేసీబీ డ్రైవరు తవ్వుతున్నాడు. లోపల చిక్కుకున్నది అతని తమ్ముడే. పైన కొండకు పడ్డ బీటకు అటొకటి, ఇటొకటి మేకులు దిగ్గొట్టి, పావుగంటకోసారి వాటి మధ్య దూరం కొలవడం భూగర్భశాస్త్రం చదివిన నా పని. అంగుళం పెరిగితే విజిల్ ఊదాలి. అందరూ బయటికి రావాలి.

ఇంజన్ ఆపి అందరం చెవులు రిక్కించాం. లోపల్నుంచి దబదబా చప్పుడు వచ్చింది.

"మావాడే మేడమ్! చిన్నప్పట్నుంచీ వాడికి తలుపు తట్టడం తెలీదు, బాదడమే," అని డ్రైవరు ఏడుస్తూనే నవ్వాడు.

కొలత వేళకు పైకెళ్లి టేపు పెట్టి చూశాను. అంగుళం దాటింది. ఊదాను.

"ఒక్క అరగంట మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటా! పోతే నేనొక్కణ్ణే కదా పోయేది!"

నలుగురు కలిసి అతన్ని ఈడ్చుకొచ్చారు. దూరంగా నిలబడ్డ మాకు ఆ చప్పుడు పొద్దుగూకేదాకా వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"మీరు ఊదబట్టే నేనున్నా మేడమ్," అని ఏటా ఫోన్ చేసి చెబుతాడతను.

కుళ్లిన దుంగల సారానికి అక్కడ మొక్కలు ఏపుగా లేచాయి. ప్రతి వానాకాలం వెళ్లి చూసొస్తాను. ఆ రోజు తర్వాత ఆ బీట మళ్లీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కొండ కూలాలని కోరుకుంటున్నానో, కూలకూడదని కోరుకుంటున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.