మౌనవ్రతమ్మ మౌఖిక పరీక్ష

పరీక్ష పదకొండింటికి. ఆమె ఆయాసపడుతూ మెట్లెక్కి పైకి చేరేసరికి పదకొండుంబావు అయింది. వరండాలో నరమానవుడు లేడు. తలుపు మీద 'యూరప్ చరిత్ర, సంస్కృతి, రాజకీయాలు - ఎం.ఏ. మౌఖిక పరీక్ష' అన్న కాగితం మాత్రం ఒక మూల ఊడి వేలాడుతోంది. పుస్తకాలకు అట్టలు వేసే చెయ్యి ఊరుకోక ఆ మూలను బొటనవేలితో అదిమింది. అదిమి, లోపలికి తొంగిచూసింది.

బల్ల దగ్గర నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. కోటు, కళ్ళజోడు, ముందు తెల్లకాగితం, చేతిలో కలం. పరీక్ష చేసే ఆయన వచ్చేసే ఉన్నాడు.

కిందటేడు ఇదే గదిలో ఆమె నోరు పెగల్లేదు. యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలు బైండింగు చేస్తూ, జిగురు ఆరేలోపు వాటినే చదివి, ఇంట్లో అంట్లు తోముతూ రాజవంశాలు వల్లెవేసే మనిషి, పరీక్ష చేసేవాళ్ళ ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయింది. సున్నా వేసి పంపారు. ఆనాటినుంచి ఆడపడుచు ఆమెను 'మౌనవ్రతమ్మా' అనే పిలుస్తోంది. కలిసి ఏడవడానికి తోటి విద్యార్థులయినా తెలియరు. అది దూరవిద్య కోర్సు. ఎవరి పాఠాలు వాళ్ళింటికే పోస్టులో వస్తాయి. పరీక్షకు రెండే అవకాశాలు. ఇవాళ కూడా నోరు పెగలకపోతే రెండేళ్ళ చదువు గంగపాలే.

తన బైండింగు పుస్తకాలు మూడు చంకన పెట్టుకుని ఆమె లోపలికి అడుగుపెట్టగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్. మీ కోసమే చూస్తున్నాను."

పెద్ద చదువులవాళ్ళ మర్యాదే వేరు అనుకుందామె. బస్సు దొరక్క ఆలస్యమైందని గొణిగితే, ఫరవాలేదన్నాడు. ఆమె కూర్చునేదాకా తాను కూర్చోలేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టినా తనకు అభ్యంతరం లేదని కూడా అన్నాడు.

ఆ మాటతో ఆమెకు కాస్త ఊపిరాడింది. ప్రాగ్ కోట కిటికీ దగ్గర మొదలుపెట్టింది. మతం గొడవలు ముదిరి ఇద్దరు అధికారుల్ని, వాళ్ళతోపాటు పాపం ఒక గుమాస్తాను కిటికీలోంచి కిందకు విసిరేసిన సంగతి చెప్పింది. అంత ఎత్తునుంచి పడి కూడా ముగ్గురూ బతికి బట్టకట్టారు. అక్కడికొచ్చి, "ఎలా బతికారంటారు?" అని ఆగింది. చెబుతూ చెబుతూ తడబడితే ఎదుటివాళ్ళను ప్రశ్న అడగడం ఆమెకు అలవాటు.

ఆయన గొంతు సవరించుకుని తానే అందుకున్నాడు. దేవదూతలు వచ్చి పట్టుకున్నారని కాథలిక్కులు చెప్పుకున్నారట. దేవదూతలూ కాదు, పాడూ కాదు, కింద పెంటకుప్ప ఉంది కాబట్టి బతికారని ప్రొటెస్టంట్లు చెప్పుకున్నారట.

"పడ్డవాళ్ళ దగ్గరికెళ్ళి ఒకసారి వాసన చూస్తే తేలిపోయేది కదండీ" అందామె.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే అదిరిపడింది. ఆయన నవ్వు ఆపుకుంటూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మార్కే అయ్యుంటుంది.

దాంతో హాప్స్‌బర్గ్ వంశం మీద పడింది. కత్తితో గెలిచినదానికంటే పెళ్ళిళ్ళతో కలుపుకున్నదే ఎక్కువని, పిల్లనిచ్చి రాజ్యం పుచ్చుకున్నారని, ఆఖరికి ఇంట్లోవాళ్ళే ఇంట్లోవాళ్ళను చేసుకుని చేసుకుని దవడలు సాగి, స్పెయిన్‌లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోయిందని చెప్పింది. ఆయన కలం ఆగలేదు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట, ఆయన మెల్లగా, ఆ కిటికీ గొడవతో రాజుకున్న ముప్ఫయ్యేళ్ళ యుద్ధాన్ని ఆపిన వెస్ట్‌ఫేలియా సంధి ఎత్తాడు. అది పదహారువందల యాభై ఎనిమిదిలో జరిగింది కదా అన్నాడు.

ఆమె చెయ్యి కొంగును నలిపింది. ఇది ఉచ్చే. కిందటేడూ ఇలాగే తప్పు సంవత్సరం చెప్పి చూశారు. అప్పుడు తను గంగిరెద్దులా తలూపింది.

"నలభై ఎనిమిదండీ" అంది. "పాపం ఆ సైనికుల చేత మీరు ఇంకో పదేళ్ళు యుద్ధం చేయిస్తున్నారు."

ఆయన మొహం పాలిపోయింది. "అవునండీ, నలభై ఎనిమిదే. క్షమించండి, కంగారులో అనేశాను."

ఎదుటి కుర్చీ చేత క్షమాపణ చెప్పించాక ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు. ఒక చూరు కింద కూర్చోమంటే రెండు పక్షాలకూ కుదరక, తోడికోడళ్ళకు రెండు పొయ్యిలు పెట్టినట్టు, ఆ సంధి మాటల్ని రెండు ఊళ్ళలో నడిపిన వైనం చెప్పింది. గదిలోకి ఎవరు ముందు అడుగుపెట్టాలన్న పంతాలతో ఎన్నాళ్ళు గడిచాయో చెప్పింది. తనకు అనుమానం ఉన్నచోట ఆయన్నే నిలదీసింది. ఆయన వినయంగా, తడబడుతూనే జవాబిచ్చాడు. బాగా చెప్పినచోట బాగుందని మెచ్చుకుంది కూడా. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

పుస్తకాలు సర్దుకుని లేచేసరికి ఆమెకు ఒళ్ళు దూదిపింజెలా ఉంది. ఇవాళ ఇంటికి వెళ్ళి, ఆడపడుచును కుర్చీలో కూలేసి, కిటికీ దగ్గర్నుంచి సంధి దాకా మొత్తం వినిపించాలి అనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది గానీ మనసాగక వెనక్కి తిరిగింది.

"అడగకూడదేమో గానీ, నేను పాసయినట్టేనా సార్?"

ఆయన చేతిగుడ్డతో నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత కోటు జేబులోంచి ఒక కాగితం తీసి, రెండు చేతులతో ఆమె ముందు పట్టుకున్నాడు.

"ఆ మాట నేను కదా మేడమ్ మిమ్మల్ని అడగాల్సింది? మీరింకా నా హాల్‌టికెట్టయినా చూడలేదు."