పడితే లేపేది

కోల్డ్ స్టోరేజీ యజమాని త్యాగరాజు గారు ఒకటే షరతు పెట్టారు. రైతులు తమ మిరప టిక్కీ బస్తాలకు చోటు బుక్ చేసుకునే వెబ్‌సైటు శుక్రవారం నాటికి పడిపోకుండా నడవాలి. నడిస్తే కోటేష్‌కి ఉద్యోగం. లేదంటే గుంటూరులో గది ఖాళీ చేసి సొంతూరు పొదిలికి బస్సెక్కడమే.

సోమవారం పొద్దున్నే సర్వరు ఆరుసార్లు పడింది.

ఆ ఇంట్లో ఎంసీఏలు రెండు, ల్యాప్‌టాప్ ఒకటి. పంపకంలో ల్యాప్‌టాప్ కోటేష్‌కి వచ్చింది. మిర్చి యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని అతని భార్య జ్యోతిర్మయికి వచ్చింది. పొద్దున వెళ్లి, మధ్యాహ్నం అన్నానికి వచ్చి, మళ్లీ వెళ్తుంది.

"ఎక్కడ పడుతోంది?" అని ఒకసారి అడిగింది.

"నువ్వు కూడా మొదలుపెట్టకే తల్లీ. నన్ను చూసుకోనీ."

ఆమె మళ్లీ అడగలేదు.

పడిన సర్వరును దానంతటదే లేపే టూల్ కావాలి. ఎద్దుల్ని కొనేవాడు అరకకు కట్టి చూసినట్టు, కోటేష్ రెండింటిని నడిపి చూశాడు. మొదటిది పీఎం2. పడగానే లేపుతుంది. లేచింది మళ్లీ పడుతుంది. గంటలో నలభై సార్లు.

రెండోది నోడ్‌మాన్. సర్వరు పడింది, ఇది లేపనే లేదు. తెర మీద తప్పు చూపే అక్షరాలు అలాగే నిలబడ్డాయి. ఆ తప్పు దిద్దడం చేతకాక, చూస్తూ కూర్చోలేక, కోటేష్ టీకొట్టుకి పోయాడు. రెండు గంటలు అక్కడే ఉన్నాడు. పొదిలి బస్సు ఎన్నింటికో కూడా కనుక్కున్నాడు.

తిరిగొచ్చేసరికి సర్వరు నడుస్తోంది.

మంగళవారం, బుధవారం అదే వరస. పడేది. అతను అన్నం మానేసి బయటికి పోయేవాడు. వచ్చేసరికి లేచి ఉండేది. కోటేష్ లెక్క తేల్చుకున్నాడు: నోడ్‌మాన్ నిదానమే గానీ, గట్టిగా లేపుతుంది.

కళ్లు మాత్రం భగభగ మండుతున్నాయి. నిద్ర లేక అనుకుని నులుముకున్నాడు. ఇంకా మండాయి.

గురువారం మధ్యాహ్నం తర్వాత సర్వరు ఇక పడలేదు.

శుక్రవారం కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ల్యాప్‌టాప్ తెరిచాడు. అక్కడి కంప్యూటర్లు చూసే శ్రీరామ్ అరగంట పరీక్షించాడు. ఎక్కడా ఆగలేదు. త్యాగరాజు గారు తలూపారు.

"ఏం వాడారండీ?" అన్నాడు శ్రీరామ్.

"నోడ్‌మాన్ అండీ. పడితే అదే లేపుతుంది."

శ్రీరామ్ నవ్వాడు. "అది లేపదండీ. పడితే, ఎవరో ఒకరు కోడ్ దిద్ది సేవ్ చేసేదాకా కాచుకుని కూర్చుంటుంది, అంతే. మీరు దిద్దారు, అది నడిపింది."

తను దిద్దలేకే కదా ప్రతిసారీ బయటికి పోయింది.

కళ్లు నులుముకోబోయిన వేళ్లను కోటేష్ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు: ఈ వారం ఒక్క మిరపకాయైనా ముట్టని ఆ వేళ్లకి, కీబోర్డు మీంచి అంటిన మిరప ఘాటు.